ఎక్కడ కన్నుమూస్తే అక్కడి మట్టే

నాంపల్లి, హైదరాబాద్

బేటా,

మీ అమ్మీ అబ్బాల టికెట్లు ఖాయమయ్యాయని ఆపా, అదే మీ అమ్మీ, చెప్పింది. ఆర్నెల్లు టెక్సాస్‌లోని ప్లేనోలో నీ దగ్గరే ఉంటారు, సంతోషం. ఇలాంటప్పుడు మామూ చావు మాట ఎత్తాడేమిటని విసుక్కోకు. దుల్హే భాయ్‌, అంటే మీ అబ్బా గుండెలో స్టెంటు ఉంది, ఆపాకు షుగరు. జరగరానిది జరిగితే ఏం చేయాలో ఇప్పుడే అనుకోవాలి. ఆ రోజు నీకు ఆలోచించే ఓపిక ఉండదు.

ఇక్కడైతే ఇంటివాళ్లకు ఏడవడం తప్ప పని ఉండదు. మసీదు మైకులో కబురు చెబుతారు. ఒకరు ఖబ్రస్తాన్‌కు పరిగెత్తి గుంత తవ్విస్తారు, ఇంకొకరు కఫన్ బట్ట చింపించుకొస్తారు, డోలా దానంతటదే గుమ్మం ముందుకొస్తుంది. పొద్దున పోయిన మనిషికి మగ్రిబ్‌ లోపు మట్టి అయిపోతుంది. అక్కడ మొహల్లా ఉండదు, కాగితాలుంటాయి. అవి సరిగ్గా ఉంటే అక్కడా ఒకటి రెండు రోజుల్లో పని పూర్తవుతుంది.

ముందు నా మాట సూటిగా చెబుతాను: ఎవరికేమైనా మయ్యత్తును ఇక్కడికి తేవద్దు. తేవాలంటే రక్తం తీసి రసాయనాలు ఎక్కించాలి. హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు చేయించి, అనుమతి పత్రం తీసుకుని, సీలు వేసిన పెట్టెను విమానం కార్గోలో ఎక్కించాలి. గల్ఫ్ నుంచి అలా వచ్చే పెట్టెల కోసం శంషాబాద్ కార్గో దగ్గర నిలబడే కుటుంబాలను చూస్తే తెలుస్తుంది. రోజుల తరబడి ఎదురుచూసి, చివరికి ముఖం కూడా సరిగ్గా చూసుకోలేరు. జనాజాకు తొందరపడమన్న దీన్ మనది.

‘మా వాళ్ల పక్కన మా మట్టి’ అని ఆపా పట్టుబడుతుంది, నాకు తెలుసు. మన నాంపల్లి యూసుఫైన్ దర్గా గుర్తు చేయి. కవి దాగ్ దెహల్వీ ఢిల్లీ మనిషి. 1905లో ఇక్కడ పోయాడు, ఆ దర్గాలోనే ఉన్నాడు. లక్నో వాడైన కవి అమీర్ మీనాయీ 1900లో హైదరాబాద్ వచ్చి, వచ్చిన కొద్ది రోజులకే కన్నుమూశాడు. ఆయన ఖబరూ అక్కడే. మన ఊరి పండితుడు ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్ పారిస్‌లో దశాబ్దాలు గడిపి, 2002లో ఫ్లోరిడాలో పోతే అక్కడే మట్టి ఇచ్చారు. ఆయన కంటే మనం గొప్ప హైదరాబాదీలమా?

ఈ వారంలోనే మీ మసీదుకు వెళ్లి, మయ్యత్తు పనులు ఎవరు చూస్తారో, ఏ ఖబ్రస్తాన్‌లో చోటుందో, శని ఆదివారాల్లో మట్టి ఇస్తారో లేదో అడుగు. అక్కడ చోటు దొరకడం అనుకున్నంత తేలిక కాదు. మీ కాలిన్ కౌంటీలోనే ఫార్మర్స్‌విల్ అనే ఊళ్లో 2015లో ముస్లింలు ఖబ్రస్తాన్ పెట్టుకుంటామంటే ఊరివాళ్లు అడ్డుపడ్డారు. వ్యవహారం అమెరికా న్యాయశాఖ దాకా వెళ్లి, 2019లో గాని ఒప్పందం కుదరలేదు. కొన్ని స్మశానాల్లో గుంతలో కాంక్రీటు పెట్టె తప్పనిసరి అంటారు. అది చట్టం కాదు, ఆ స్మశానం నిబంధన. అడుగు లేని పెట్టెకు ఒప్పుకుంటారేమో ముందే కనుక్కో.

ఇంట్లో ప్రాణం పోతే నువ్వే కదిలించకు, 911కి ఫోన్ చేయి. పోలీసులు వస్తారు, మెడికల్ ఎగ్జామినర్‌కు కబురు వెళ్తుంది. కంగారుపడకు, వాళ్ల పద్ధతి అది. వాళ్లకు కావలసింది మరణానికి కారణం. చూసే డాక్టరు లేని మనిషి అయితే పోస్ట్‌మార్టం మాట వస్తుంది. అందుకే అమ్మీ అబ్బా రాగానే ఇద్దరినీ ఒకసారి అక్కడి డాక్టరుకు చూపించు. దుల్హే భాయ్ యాంజియో రిపోర్టు, ఇద్దరి మందు చీటీలు ఆబిడ్స్‌లో జిరాక్స్ తీయించి ఫైలు కట్టాను. ఆపా సూట్‌కేసులో చీరల కింద ఉంటుంది.

ఫ్యునరల్ హోం వాళ్లు ఎంబామింగ్ తప్పదంటే నమ్మకు. టెక్సాస్‌లో 24 గంటలు దాటితే చల్లగా ఉంచితే చాలు. దేనికెంతో విడివిడిగా ధరల పట్టిక ఇవ్వాలని 1984 నుంచీ అక్కడ నిబంధన ఉంది. ఫోన్‌లో అడిగినా చెప్పాలి. దుఃఖంలో బేరమేమిటని మొహమాటపడకు. అమ్మీ అబ్బాల విజిటర్ ఇన్సూరెన్సు కూడా చదువు. శవాన్ని స్వదేశానికి పంపే ఖర్చు ఇస్తామని చాలా పాలసీల్లో ఉంటుంది. అక్కడే మట్టి ఇస్తే ఏమిస్తారో విడిగా అడగాలి.

మయ్యత్తుకు చేయించే స్నానం, గుసుల్, ఇంటివాళ్లు ఇస్తేనే మంచిది. ఆపాకైతే ఆడవాళ్లే ఇవ్వాలి గనక కోడలిని నేర్చుకోమను. మసీదులో నేర్పితే వెళ్లమను. రేగాకు వేసిన నీళ్లు, చివరి నీళ్లలో కర్పూరం, కుడివైపు నుంచి మొదలుపెట్టడం, ఒంటిమీద ఎప్పుడూ బట్ట ఉండేలా చూడడం, ఇంతే. అయినా చేతులు వణుకుతాయి. కఫన్‌కు మగవాళ్లకు మూడు గుడ్డలు, ఆడవాళ్లకు ఐదు. హజ్‌లో జమ్‌జమ్‌ నీళ్లలో తడిపి ఆరబెట్టిన తెల్లబట్ట ఆపా బీరువాలో దాచుకుంది. దాన్ని వెంట తీసుకెళ్లమన్నాను. తిట్టింది గాని, పెట్టుకుంది.

ఇంకో చిన్న సంగతి. మయ్యత్తు ముఖం తిప్పాల్సిన ఖిబ్లా ఇక్కడ పడమర. మీ టెక్సాస్ నుంచి ఈశాన్యం వైపు. ఖబరు దగ్గర దుల్హే భాయ్ దిక్కు మీద వాదం పెట్టుకోగలరు, ముందే చెప్పి ఉంచు.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం చివరికి దాచాను. మయ్యత్తు విషయం ఎవరు తేల్చాలో ముందే రాసి పెట్టే పత్రం టెక్సాస్‌లో ఉంది. అది లేకపోతే ఆ హక్కు మొదట భర్తకో భార్యకో, తరువాత పెద్దవాళ్లైన పిల్లల్లో ఎవరికైనా. మీ అన్న జెద్దా నుంచి ఒక మాటంటాడు, మీ అక్క ఇక్కడి నుంచి ఇంకో మాటంటుంది, మయ్యత్తు ఐసులో ఉంటుంది. మీ అమ్మీ అబ్బా ఇద్దరి చేతా నీ పేరు రాయించి, నోటరీ చేయించు. మరణ ధ్రువపత్రం ఒకటి కాదు, కాపీలు నాలుగైదు తీసుకోవాలి. కాన్సులేట్‌లో కూడా మరణాన్ని నమోదు చేయించాలి. దుల్హే భాయ్ పెన్షను, ఇల్లు, బ్యాంకు, అన్నిటికీ ఇక్కడ ఈ పత్రాలే అడుగుతారు.

వాళ్లు విమానం ఎక్కకముందే మీ అన్నకు, అక్కకు ఫోన్ చేసి ఈ సంగతి తేల్చుకో. నోటరీ అయిన కాగితం నాకు వాట్సాప్‌లో పంపు.

దువాలతో,
మీ మామూ