క్లిక్ నొక్కే ముందు నాలుగు అంచులూ చూడండి

చార్మినార్ ముందు చెల్లెల్ని నిలబెట్టి ఫొటో తీస్తాం. ఇంటికొచ్చి చూసుకుంటే తల మీద మినారు మొలిచినట్టుంటుంది. పక్కన సగం తెగిన ఆటో, పైన కరెంటు తీగలు. తీసేటప్పుడు ఇవేవీ మనకు కనబడలేదు. మన కన్ను చెల్లెల్నే చూసింది, కెమెరా మాత్రం ఎదురుగా ఉన్నదంతా చూసింది. ఫ్రేమ్‌లో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో తేల్చుకోవడమే కంపోజిషన్. దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. సాధన చేస్తే ఎవరికైనా పట్టుబడుతుంది.

గ్రిడ్ ఆన్ చేయండి

ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ పెట్టుకుంటే అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు వస్తాయి. ముఖ్యమైనదాన్ని ఆ గీతలు కలిసే నాలుగు చోట్లలో ఒకదాని దగ్గర ఉంచండి. మనిషి ఎటు చూస్తుంటే అటు కాస్త ఖాళీ వదలండి. బీచ్‌లో మబ్బులు బాగుంటే నీటి అంచును కింది గీత మీదికి, అలలు బాగుంటే పై గీత మీదికి తెండి. చెరువులో గోపురం నీడ తీస్తున్నప్పుడు మాత్రం నీటి అంచును నట్టనడుమ ఉంచితేనే అందం.

దారులు వెతకండి

పొలం గట్టు, రైలు పట్టాలు, లేపాక్షి మండపంలో స్తంభాల వరుస... ఇవన్నీ చూపును వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్తాయి. గోల్కొండ కమానులోంచి తీస్తే ఆ రాతి కమానే ఫొటోకు చట్రమవుతుంది.

కాళ్లు కదపండి

జూమ్ చేసే బదులు రెండడుగులు ముందుకు వేయండి. తల మీది మినారు పోవాలంటే ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు. పసిపిల్లల్ని తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల కళ్ల ఎత్తుకు దిగండి.

ఓపిక పట్టండి

ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియే బ్రెసాన్ చిత్రకళ నేర్చుకుని ఫొటోగ్రఫీకి వచ్చారు. 1932లో యేర్ పట్టణంలో ఆయన తీసిన ఫొటోలో మెలికలు తిరిగిన మెట్లు, వాటి కింద వీధిలో దూసుకుపోతున్న ఓ సైకిల్ కనిపిస్తాయి. మెట్లు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. సైకిల్ అక్కడుండేది రెప్పపాటే. చోటు చూసుకుని సిద్ధంగా ఉన్నవారికే ఆ రెప్పపాటు దొరుకుతుంది.

వారం రోజుల సాధన

పెరట్లో తులసికోటో, వంటింటి కిటికీయో, రోజుకొక వస్తువును ఎంచుకోండి. దాన్ని పది రకాలుగా తీయండి. ఒక్కటి ఉంచుకుని తొమ్మిదీ తీసేయండి. ఆ ఒక్కటే ఎందుకు ఉంచారో ఒక వాక్యంలో రాసుకోండి. ముఖ్యమైనది పట్టుకుని మిగతాది వదలడం ఇలాగే అలవాటవుతుంది. చదువులోనూ ఉద్యోగంలోనూ మనకు కావలసింది ఆ అలవాటే.

ఈరోజు తీసే మొదటి ఫొటోతోనే మొదలుపెట్టండి. నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, ఫ్రేమ్ నాలుగు అంచులూ చూడండి.