గోడ మీది సర్టిఫికెట్‌ను నమ్మొచ్చా?

సందేహాలు - సమాధానాలు: ఆసుపత్రి సేవల నాణ్యత

ప్రశ్న: మా నాన్నగారికి వచ్చే వారం హెర్నియా ఆపరేషన్. ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రి కాబట్టి భయం లేదని బంధువులు అంటున్నారు. ఆ గుర్తింపు ఉంటే పొరపాట్లు జరగవా?
- ఓ పాఠకుడు, తణుకు

జవాబు: జరగవని ఎవరూ రాసివ్వలేరు. ఎన్ఏబీహెచ్ అనేది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చెందిన బోర్డు. ఆసుపత్రి తన పనులకు పద్ధతులు రాసుకుందా, వాటి ప్రకారమే నడుస్తోందా, తప్పు జరిగితే నమోదు చేసి సరిదిద్దుకుంటోందా అన్నవి బయటివాళ్లు వచ్చి చూసి ఇచ్చే గుర్తింపు అది. లేని చోటి కంటే ఉన్న చోటు మేలే. కాకపోతే పూర్తి గుర్తింపు వేరు, ఎంట్రీ లెవెల్ సర్టిఫికెట్ వేరు. ప్రకటనల్లో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఏది ఇచ్చారో, గడువు ఎప్పటిదాకా ఉందో చదవండి.

అంతకంటే ముఖ్యంగా, థియేటర్లో సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ వాడతారా అని సర్జన్‌నే అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల కాగితం అది. అందరూ మూడుసార్లు ఆగాలి. మత్తు ఇచ్చే ముందు: పేషెంటు ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, అలర్జీలేమైనా ఉన్నాయా. కోత పెట్టే ముందు: గదిలో ఉన్నవాళ్లంతా తమ పేరు, చేసే పని చెప్పుకోవాలి, యాంటీబయాటిక్ అవసరమైతే అది గంటలోపు పడిందో లేదో చూసుకోవాలి. పేషెంటును బయటికి తెచ్చే ముందు: పరికరాలు, గాజుగుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందా. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. ఢిల్లీతో సహా 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో దీన్ని వాడి చూశారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి.

హెర్నియా కుడివైపా ఎడమవైపా అన్నది మీ నాన్నగారు మెలకువగా ఉండగానే, ఆయన్నే అడిగి, చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. పెట్టకుండా స్ట్రెచర్ కదిలిస్తుంటే ఆపి అడగండి. అక్కడ మొహమాటం పనికిరాదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాల) తనిఖీ వస్తోందని కొన్నాళ్లుగా రిజిస్టర్లు రాయడంతోనే సరిపోతోంది. పేషెంటు దగ్గర నిలబడే తీరిక లేదు. నాణ్యత అంటే ఇదేనా?
- ఓ సోదరి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: కాదు సిస్టర్, మీ కోపంలో న్యాయముంది. పైన అంతగా చెప్పిన ఆ 19 అంశాల కాగితాన్నే కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రుల్లో అమలు చేశారు. దాదాపు అందరూ వాడుతున్నామనే చెప్పారు. 2014లో లెక్క తీస్తే మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. కారణాలపై వాదనలున్నాయి గానీ, టిక్కు పడినంత మాత్రాన పని జరిగినట్టు కాదన్నదే నా అభిప్రాయం.

2013లో వచ్చిన ఎన్‌క్వాస్‌ను మాత్రం ఇందుకు తప్పుపట్టలేను. మీ చెక్‌లిస్టులో అంశాల పక్కన ఓబీ, ఎస్ఐ, ఆర్ఆర్, పీఐ అని ఉంటాయి కదా: కళ్లతో చూడటం, సిబ్బందిని అడగటం, రికార్డు చూడటం, పేషెంటును అడగటం. నాలుగింటిలో రిజిస్టరు ఒక్కటే. మిగతా మూడూ వదిలేసి మన వ్యవస్థ ఆ ఒక్కదాని వెంటే పడుతోంది. రాయించడం తేలిక, అందుకని.

ఈ నెలకు ఒక్క పనే పట్టుకోండి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ పడుతోందా? కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఆపేది అదే. గత 20 ప్రసవాల కేసు షీట్లు తీసి, ఎన్నింటిలో నిమిషంలోపు పడిందో లెక్కపెట్టండి. సమయం రాయకపోతే పడనట్టే లెక్క. తర్వాత ఆలస్యం ఎక్కడో వెతకండి. మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఫ్రిజ్ పక్క గదిలో, తాళంచెవి ఫార్మసిస్టు జేబులో ఉంటే ఎంత మంచి నర్సయినా ఏం చేస్తుంది? బిడ్డ తల కనబడే వేళకు ఆంప్యూల్ ట్రేలో ఉండేలా డ్యూటీలో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. రెండు వారాలయ్యాక మళ్లీ లెక్కపెట్టండి. అంకె మారితే ఆ పద్ధతినే ఉంచుకోండి, మారకపోతే ఇంకోటి ప్రయత్నించండి. లెక్క కాగితం లేబర్ రూంలోనే, అందరికీ కనబడేలా అంటించండి. ఎవరినీ తిట్టడానికి మాత్రం దాన్ని వాడనివ్వకండి. ఒక్కసారి తిట్లు పడ్డాయంటే ఆ తర్వాత వచ్చేవన్నీ దొంగ లెక్కలే.

ప్రశ్న: అమ్మ వారం నుంచి వార్డులో ఉంది. రోజూ చూసే నర్సే ఇంజెక్షన్ ఇచ్చే ముందు ప్రతిసారీ పేరు అడుగుతోంది. అమ్మకు విసుగొస్తోంది.
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ అమ్మాయికి నా తరఫున ఓ నమస్కారం చెప్పండి. పేరుతో పాటు చేతి పట్టీ మీది ఆసుపత్రి నంబరు కూడా చూస్తోందా? చూస్తుంటే ఇంకా మంచిది. "లక్ష్మిగారేనా?" అని అడిగితే నిద్రమత్తులో ఎవరైనా తలూపుతారు. "మీ పేరేంటమ్మా?" అనే అడగాలి. మంచం నంబరును మాత్రం నమ్మకూడదు, రాత్రికి రాత్రి మంచాలు మారిపోతుంటాయి.

ప్రశ్న: డిశ్చార్జ్ అయ్యాక కేసు షీటు నకలు అడిగితే రేపు రమ్మంటూ తిప్పుతున్నారు. అడిగే హక్కు మాకుందా?
- ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: ఉంది. పేషెంటు గానీ, ఆయన తరఫున అధీకృతులు గానీ అడిగితే 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి కూడా. నోటితో అడగడం ఇక ఆపండి. అర్జీ రాసి ఇచ్చి, నకలు మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. గడువు ఆ తేదీ నుంచే లెక్క.