ఎర్రచందనం - విత్తు నుండి వృక్షం దాకా

శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల మొదలైన కొండలు ఎర్రచందనానికి పుట్టినిల్లు. తూర్పుకనుమల దక్షిణభాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ వృక్షం సహజంగా పెరగదు. అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం 1995లో దీనిని తన రెండవ అనుబంధంలో చేర్చి, విదేశీ వ్యాపారంపై నియంత్రణ విధించింది.

ఇటువంటి అరుదైన జాతి వృద్ధి చెందుతున్నదో, క్షీణిస్తున్నదో తెలుసుకోవడం ఎలా? చెట్లను లెక్కించినంత మాత్రాన చాలదు. వేయి మొలకలున్న కొండవాలు, వంద తల్లిచెట్లున్న కొండవాలు ఒకటి కావు కదా! అందుచేత శాస్త్రజ్ఞులు వృక్షజీవితాన్ని విత్తు, మొలక, లేతచెట్టు, ఫలించే చెట్టు అని దశలుగా విభజిస్తారు. ఏ దశలో ఎన్ని జీవించి మరుదశకు చేరుతున్నాయో గణిస్తారు. 1945లో లెస్లీ ఇట్టి గణితాన్ని వయస్సును బట్టి రూపొందించగా, 1965లో లెఫ్కోవిచ్ దానిని దశలకు అన్వయించాడు.

ఎర్రచందనం విషయంలో వయస్సు కంటే దశయే నమ్మదగినది. వేసవిలో పసుపుపచ్చని పూలు పూసే ఈ చెట్టు కాయ గుండ్రంగా, చుట్టూ రెక్కతో ఉండి గాలికి ఎగిరిపోతుంది. కాయ పెంకు గట్టిది కావడంతో ఎన్నో విత్తులు మొలకెత్తవు. మొలిచినవాటికి పశువుల మేత, కార్చిచ్చు, అనావృష్టి గండాలు. కాండం ఎండిపోయినా వేరు బ్రతికి ఉంటే వానలకు మరల చిగురిస్తుంది. అందువల్ల మోకాలెత్తు మొక్కను చూచి దాని వయస్సు చెప్పడం సాధ్యం కాదు. అది ఏండ్ల తరబడి అదే ఎత్తులో పోరాడుతూ ఉండవచ్చు.

ఇన్ని విత్తులు వ్యర్థమైనా జాతి నిలిచినదంటే కారణం చెట్టు దీర్ఘాయువే. ఒక తల్లిచెట్టు తన జీవితకాలమంతటిలో తన స్థానాన్ని నింపగల ఒక్క చెట్టును మిగిల్చినా సంఖ్య తగ్గదు. కాబట్టి దీర్ఘకాలం జీవించే వృక్షాలలో కొన్ని మొలకల నష్టం కంటే కొన్ని తల్లిచెట్ల నష్టమే వృద్ధిరేటును ఎక్కువగా కుంగదీస్తుంది.

దురదృష్టమేమంటే, దొంగల గొడ్డలి వెదికేది ఆ తల్లిచెట్టునే. నీట మునిగేంత బరువైన ఎర్రని చేవ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. లేతచెట్టులో అది స్వల్పం. చేవ గల చెట్టే విరివిగా కాయలు కాచే చెట్టు కూడా. నరికిన మోడు చిగురించే మాట నిజమే గాని, ఆ చిగురు మరల చేవదేరి, విరివిగా కాయలు కాయడానికి అన్ని దశాబ్దాలూ మొదటి నుండి గడవాలి.