పక్కింటి బెల్ కొడదాం

పిల్లలూ! ముందుగా ఒక టీవీ ప్రకటన గురించి తెలుసుకుందాం. వీధిలో కొందరు అబ్బాయిలు క్రికెట్ ఆడుతుంటారు. దగ్గర్లోని ఒక ఇంట్లో నుంచి భర్త అరుపులు, భార్య ఏడుపు వినిపిస్తాయి. ఆట ఆగిపోతుంది. ఒక అబ్బాయి వెళ్లి ఆ ఇంటి బెల్ కొడతాడు. తలుపు తీసిన వ్యక్తిని బంతి ఇమ్మని అడుగుతాడు. నిజానికి బంతి ఆ పిల్లల దగ్గరే ఉంది! "లోపల జరిగేది మాకు వినబడుతోంది" అని అతడు నోటితో అనలేదు. అయినా ఆ మాట చేరవలసిన చోటికి చేరింది.

ఇది 'బెల్ బజావో' ప్రచారంలోని ప్రకటన. బ్రేక్‌త్రూ అనే సంస్థ 2008లో మన దేశంలో దీన్ని మొదలుపెట్టింది. మరో ప్రకటనలో పక్కింటాయన బెల్ కొట్టి కప్పు పాలు అడుగుతాడు. దెబ్బలు తినే స్త్రీకి ధైర్యం చెప్పి ఊరుకోవడం ఈ ప్రచారం ఉద్దేశం కాదు. ఆ చప్పుడు విని కూడా ఊరుకునే ఇరుగుపొరుగును, ముఖ్యంగా పురుషులను, అబ్బాయిలను ఇది కదిలించింది.

గృహహింస అంటే ఏమిటి?

కొట్టడం ఒక్కటే గృహహింస అని చాలామంది అనుకుంటారు. 'గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం' 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. ఈ చట్టం నాలుగు రకాల హింసను గుర్తించింది.

1. శారీరక హింస: కొట్టడం, తన్నడం, నెట్టడం వంటివి.
2. లైంగిక హింస: స్త్రీ గౌరవానికి భంగం కలిగించే లైంగిక ప్రవర్తన.
3. మాటలతో, మనసుకు చేసే హింస: తిట్టడం, అవమానించడం, పిల్లలు లేరనో మగపిల్లవాడు లేడనో దెప్పిపొడవడం, బెదిరించడం.
4. ఆర్థిక హింస: ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు, ఆస్తి లాక్కోవడం.

భార్యకే కాదు, అదే ఇంట్లో కుటుంబ సభ్యులుగా ఉండే తల్లికి, అక్కచెల్లెళ్లకు, కూతురికి, కోడలికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

ఎందుకు బయటికి రాదు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. అలాంటి హింసను అనుభవించిన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని మనవాళ్లు అంటారు. ఆ మాట పట్టుకుని, నలుగురూ ఏమనుకుంటారోనని ఎంతోమంది నోరు విప్పరు. 'అది వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు?' అని పక్కింటివాళ్లూ తలుపు వేసుకుంటారు. బాధపడేవారూ మాట్లాడక, విన్నవారూ మాట్లాడకపోతే, కొట్టే చెయ్యి ఎలా ఆగుతుంది?

బదిలీల మీద ఊళ్లు మారే మన కుటుంబాల్లో ఈ కష్టం ఇంకా ఎక్కువ. కొత్త ఊళ్లో పుట్టింటివారు దగ్గర ఉండరు. అక్కడి భాష రాదు. ఏ ఆఫీసు ఎక్కడుందో తెలియదు. అలాంటి చోట పక్క క్వార్టర్‌లో ఉండేవారే చుట్టాలు. అందుకే మనం కొట్టే బెల్‌కు అంత విలువ.

చట్టం ఇచ్చే అండ

హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా సరే రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

ఇల్లు ఆమె పేరున లేకపోయినా, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది.

ఆమె ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. తాత్కాలికంగా ఉంటున్న ఊరైనా చాలు. సొంత ఊరికి పరుగెత్తనక్కరలేదు. ఆ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. ఉద్యోగికి బదిలీ అయినా ఉత్తర్వు రద్దు కాదు.

రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. స్త్రీలకు, పిల్లలకు న్యాయ సహాయం ఉచితం.

మనం ఏం చేయాలి?

పక్కింట్లో దెబ్బల చప్పుడు వినబడితే ఒంటరిగా వెళ్లకండి. వెంటనే ఇంట్లో పెద్దలకు చెప్పండి. పెద్దలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి బెల్ కొట్టి, ఏదో ఒక వస్తువు అడిగినా చాలు, ఆ క్షణానికి చెయ్యి ఆగవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112కు ఫోన్ చేయాలి. మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఫోన్‌లో వీడియో తీసి నలుగురికీ పంపకండి. ఆ ఇంటి పిల్లలను బడిలో ఎగతాళి చేయకండి. వాళ్లతో ఎప్పటిలాగే ఆడుకోండి.

మీ ఇంట్లోనే ఇలా జరుగుతుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి: ఇందులో మీ తప్పు ఏమీ లేదు. కొట్లాట మధ్యకు వెళ్లకండి. తమ్ముణ్ణో చెల్లినో తీసుకుని వేరే గదిలోకో పక్కింటికో వెళ్లండి. మీరు నమ్మే టీచరుకు చెప్పండి. 1098కి మీరే స్వయంగా ఫోన్ చేయవచ్చు. చెప్పడం అంటే ఇంటి పరువు తీయడం కాదు, ఇంట్లోవారిని కాపాడుకోవడం.

ఆలోచించండి – రాయండి

1. బంతి తన దగ్గరే ఉన్నా ఆ అబ్బాయి బెల్ ఎందుకు కొట్టాడు?
2. ఒక కుటుంబం విశాఖపట్నం నుంచి జలంధర్‌కు బదిలీ మీద వెళ్లింది. అక్కడ హింసకు గురైన స్త్రీ ఏ ఊళ్లో దరఖాస్తు చేసుకోవచ్చు?
3. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అనే సామెత ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు? మీ అభిప్రాయం రాయండి.
4. మీ క్వార్టర్స్ నోటీసు బోర్డు కోసం మూడు హెల్ప్‌లైన్ నంబర్లతో ఒక పోస్టర్ తయారుచేయండి. తెలుగుతో పాటు మీరు ఉంటున్న ఊరి భాషలో కూడా రాయండి.