హాస్యనట చక్రవర్తి రేలంగి

ఉద్దేశం: కథానాయక పాత్ర కాకపోయినా తన పాత్రకు నిండుదనం తెచ్చిన నటుని కృషిని పరిచయం చేయడం, ఓర్పు, సాధనల విలువను తెలియజేయడం.

పాఠ్యభాగం

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని రెండు విధాలుగా పేర్కొన్నాడు. తాను నవ్వితే అది ఆత్మస్థం. ఎదుటివారిని నవ్విస్తే అది పరస్థం. ఈ రెండవది కష్టసాధ్యమైన విద్య. ఆ విద్యనే జీవనవృత్తిగా స్వీకరించి, తెలుగు చలనచిత్రాల్లో హాస్యపాత్రకు గౌరవస్థానం సంపాదించిపెట్టిన నటుడు రేలంగి వెంకటరామయ్య.

రేలంగి 1910లో గోదావరి మండలంలోని రావులపాడులో జన్మించారు. కాకినాడలోని యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో పాల్గొని నటనలో ఓనమాలు దిద్దుకున్నారు. యస్.వి. రంగారావు, అంజలీదేవి వంటి వారికి కూడా ఆ సంస్థతో అనుబంధం ఉండేది.

1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో ఆయన చిత్రరంగ ప్రవేశం చేశారు. కాని గుర్తింపు వెంటనే లభించలేదు. దర్శకుడు సి. పుల్లయ్య వద్ద చేరి, తెరమీద చిన్న వేషాలు ధరిస్తూ, తెరవెనుక పనులు చక్కబెడుతూ ఏళ్ల తరబడి నిరీక్షించారు. 1949లో కె.వి. రెడ్డి రూపొందించిన 'గుణసుందరి కథ' ఆయన ప్రతిభను లోకానికి చాటింది. తొలి చిత్రానికీ ఈ విజయానికీ నడుమ పద్నాలుగేళ్లు గడిచాయి. ఆ కాలమంతా ఆయనకు వృథా కాలేదు, అది సాధనాకాలమైంది.

రేలంగి నటనా వైవిధ్యానికి ఇద్దరు రాకుమారులే సాక్షులు. 'మాయాబజార్' (1957)లో ఆయన లక్ష్మణకుమారుడు. 'నర్తనశాల' (1963)లో ఉత్తరకుమారుడు. ఇద్దరూ గొప్పలు చెప్పుకొనేవారే. అయితే లక్ష్మణకుమారునిది సింగారం మీద మోజు, తనను తాను ఎరుగని అమాయకపు అహంకారం. ఉత్తరునిది వేరొక మార్గం. తిక్కన విరాటపర్వంలో అతడు అంతఃపుర స్త్రీల ఎదుట ప్రగల్భాలు పలికి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తుతాడు. బృహన్నల ఊరడించిన పిదప ఆ రథానికే సారథియై నిలుస్తాడు. 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అనే నానుడి అతని పిరికితనాన్నే మనకు గుర్తుచేస్తుంది. అతడు తిరిగి రథమెక్కిన సంగతిని మరచిపోతాము. అటువంటి పాత్రను కేవలం ఎగతాళికి గురిచేయడం సులభం. ప్రేక్షకుడు నవ్వుతూనే అతనిపై జాలిపడేటట్లు చేయడం మాత్రం నటుని సంస్కారం. రేలంగికి ఆ సంస్కారం పుష్కలంగా ఉంది.

నాయకేతర పాత్రల విలువను లోకం ఆలస్యంగానే గుర్తించింది. అమెరికాలో అకాడమీ పురస్కారాల ప్రదానం 1929లో ఆరంభమైనా, సహాయ నటులకు ప్రత్యేక పురస్కారం 1936 నాటి చిత్రాలతో మొదలైంది. దానిని మొదట అందుకున్నవాడు వాల్టర్ బ్రెనన్. మన ప్రభుత్వం 1970లో రేలంగిని పద్మశ్రీతో సత్కరించింది. నవ్వించేవాడు నవ్వులపాలయ్యేవాడు కాడని ఆ సత్కారం చాటిచెప్పింది.

1975లో రేలంగి కన్నుమూశారు. తాడేపల్లిగూడెంలో ఆయన నిర్మించిన చిత్రశాల ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. దక్కిన పాత్ర ఎంతటిదని కాక, దానిని ఎంత నిండుగా పోషించామన్నదే ముఖ్యమని ఆయన జీవితం మనకు బోధిస్తుంది.

అర్థాలు

పరస్థం = ఇతరులయందు ఉండునది
ప్రగల్భాలు = గొప్పలు
సారథి = రథం నడిపేవాడు
పుష్కలంగా = సమృద్ధిగా

ప్రశ్నలు

1. లక్ష్మణకుమార, ఉత్తరకుమార పాత్రల మధ్య గల భేదాన్ని వివరించండి.
2. 'నవ్వించేవాడు నవ్వులపాలయ్యేవాడు కాడు' – పాఠం ఆధారంగా సమర్థించండి.