ఓడిపోయినా మళ్లీ వచ్చే విలన్: ఇంట్లో ఆడే కథల ఆటకు ఒక పాఠం



సెలవు రోజుల్లో పిల్లలు ఫోన్ వదలడం లేదని, వాళ్ల చేత ఏం ఆడించాలని చాలామంది అడుగుతుంటారు. ఈ నెల ఒక ఆట చెబుతాను. దీనికి కావలసినవి ఒక పలక, ఒక బలపం, లూడో డబ్బాలోని ఒక పాచిక, వారానికి ఒక గంట సమయం. వీటితో పాటు ఇంట్లో ఒకరు విలన్ కావాలి. ఆ ఒక్కరూ మీరే.

ఆట ఏమిటి?

దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో ఇలాంటి ఆటను మొదటిసారి అచ్చు వేశారు. నలుగురు కూర్చుని నోటితో ఆడే ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు: విలుకాడు, వైద్యురాలు, దొంగ, మంత్రగత్తె, ఏదైనా సరే. "ఎదురుగా వాగు పొంగుతోంది. అవతలి గట్టున ఎవరో పిలుస్తున్నారు. ఏం చేస్తారు?" అని కథ నడిపేవారు అడుగుతారు. పిల్లలు చెబుతారు. ఆ పని జరుగుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు పాచిక వేస్తారు.

అసలు ఆటలో 20 ముఖాల పాచిక ఉంటుంది. మనకు లూడో పాచిక చాలు. 4, 5, 6 పడితే పని జరిగినట్టు. అంటే సగం అవకాశం. ఆ పనిలో పాత్రకు నేర్పు ఉంటే రెండుసార్లు వేసి, పెద్ద అంకె తీసుకోవచ్చు. అప్పుడు అవకాశం నాలుగింట మూడు వంతులు. ఎందుకలా అయిందో మీ పిల్లలనే లెక్క కట్టి చెప్పమనండి. ఇందులో పందెం లేదు కాబట్టి పాచిక చూసి కంగారు పడనక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా వారానికో రాక్షసుణ్ణి దింపుతారు. కొట్టడం, చంపడం, నిధి తెచ్చుకోవడం. మూడో వారానికి పిల్లలకు విసుగు వస్తుంది. దానికి బదులు ఒకే విలన్ నాలుగైదు వారాలు మళ్లీ మళ్లీ ఎదురైతే పిల్లలు వారం మధ్యలో కూడా వాడి గురించే ఆలోచిస్తారు. అలాంటి విలన్‌ను తయారు చేయడానికి నాలుగు సూత్రాలున్నాయి.

1. ముందు కోరిక, తర్వాతే శక్తి

విలన్‌కు ఎన్ని మంత్రాలు వచ్చు అన్నది తర్వాతి సంగతి. వాడికి ఏం కావాలి? అది పిల్లల పాత్రల వల్లే ఎందుకు దొరుకుతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ముందే రాసుకోండి.

1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ణి గుర్తు చేసుకోండి. అతనికి భైరవి ప్రతిమ కావాలి. అది దక్కాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. అందుకే తోటరాముణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. విలన్, హీరో కలవడానికి కారణం విలన్ కోరికలోనే ఉంది.

అమెరికాలో ట్రేసీ హిక్‌మన్ ఒకసారి ఈ ఆట ఆడుతుంటే, ఏ సంబంధమూ లేకుండా ఒక గుహలో రక్తపిశాచి ఎదురైందట. అసలు ఇది ఇక్కడెందుకుంది అని ఆయనకు సందేహం వచ్చింది. ఆ సందేహం లోంచే ఆయన, భార్య లారా కలిసి స్ట్రాడ్ అనే విలన్‌ను సృష్టించారు. 1983లో 'రావెన్‌లాఫ్ట్' పేరుతో ఆ కథ అచ్చయింది. ఇప్పటికీ దాన్ని ఆడుతున్నారు. స్ట్రాడ్ తన కోటలో కూర్చుని ఎదురుచూడడు. తన పని మీద తిరుగుతూ పదే పదే ఎదురవుతాడు.

2. ఒక పెద్ద శక్తి, ఒక హద్దు

శక్తులు పది పెడితే పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు. ఒక్కటే పెట్టండి, దానికో హద్దు పెట్టండి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును ఎవరూ గెలవలేరు. కానీ అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. ఆ రహస్యం బయటపడేదాకా కథ సాగుతుంది. మీ విలన్ రహస్యం కూడా ఒకేసారి చెప్పకండి. ప్రతి వారం ఒక చిన్న ముక్క దొరకాలి. పిల్లలు ఆ వారం ఓడిపోయినా ఆ ముక్క మాత్రం దక్కాలి. అప్పుడు ఓడిన వారం కూడా వృథా కాదు.

3. ఓడినప్పుడు నిజంగా ఓడాలి

పెద్దలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. విలన్ వచ్చే వారం కూడా కావాలి కాబట్టి ప్రతిసారీ పొగలో మాయం చేస్తారు. పిల్లలు ఒకసారి ఊరుకుంటారు. రెండోసారి, "ఎలాగూ మీరు దొరకనివ్వరు కదా" అంటారు. అంతటితో ఆట చచ్చిపోతుంది.

పాచిక పిల్లల వైపు పడితే ఒప్పుకోండి. తిరిగి రావడానికి వేరే దారులున్నాయి. నేపాళ మాంత్రికుడు సినిమా మధ్యలోనే బలి అయిపోతాడు. శిష్యుడు సదాజపుడు మూలికతో బతికిస్తాడు. అంటే విలన్‌కు ఒక నమ్మకమైన మనిషి ఉంటే చాలు. భాగవతంలో జరాసంధుణ్ణి బలరాముడు పట్టి బంధిస్తే కృష్ణుడే విడిపిస్తాడు. అలాగే మీ పిల్లలు కూడా చేజిక్కిన విలన్‌ను ఏం చేయాలో తామే తేల్చుకోవచ్చు. ఇంకో సులువైన పద్ధతి, మొదటి రెండు వారాలు కొట్లాటే పెట్టకండి. విలన్ ఎదురుపడి మాట్లాడి వెళ్లనివ్వండి.

4. వచ్చిన ప్రతిసారీ ఏదో మారాలి

జరాసంధుడు 17 సార్లు మధుర మీదికి దండెత్తి ఓడాడు. తర్వాతి దండయాత్ర నాటికి కాలయవనుడు కూడా సేనతో వచ్చాడు. కృష్ణుడు సముద్రంలో ద్వారక కట్టించి జనాన్ని అక్కడికి చేర్చాల్సి వచ్చింది. గెలుస్తున్నవాళ్లే ఊరు మారవలసి రావడం వల్ల ఆ కథకు బరువు వచ్చింది. మీ విలన్ కూడా వచ్చిన ప్రతిసారీ లోకంలో ఏదో ఒకటి మార్చి వెళ్లాలి. కిందటి వారం పిల్లలు చేసిన పని వాడికి గుర్తుండాలి. "ఆ రోజు నన్ను మోసం చేశావు కదా" అని పేరుపెట్టి అడిగితే పిల్లలు ఉలిక్కిపడతారు.

ఒక నమూనా: పలకల మాంత్రికుడు

మార్కాపురం పలకలు దేశమంతటికీ, విదేశాలకూ వెళ్లినవి. కాబట్టి మన విలన్‌ను కూడా పలకతోనే చేద్దాం.

కోరిక: చిన్నప్పుడు చదువు రాలేదని అతని పేరును బడి పలక మీంచి తుడిచేశారు. తనను మరిచిపోయిన ఊరు ఇంకెవరినీ గుర్తుంచుకోకూడదు అనుకుంటాడు.

శక్తి: పలక మీద ఒకరి పేరు రాసి తడిగుడ్డతో తుడిస్తే ఆ మనిషిని అందరూ మరిచిపోతారు.

హద్దు: తన పేరు మాత్రం తుడవలేడు. నాలుగు అక్షరాలూ అతని ఎదురుగా రాస్తే శక్తి పోతుంది. వారానికి ఒక అక్షరం పిల్లలకు దొరకాలి. పేరు కాలమేఘ. దాన్ని మీ మనసులోనే ఉంచుకోండి.

మొదటి వారం, మార్కాపురం: ఒక దుకాణదారు కన్నకూతుర్నే గుర్తుపట్టడం లేదు. పక్కనే పలకలు కొంటున్న ఒక పెద్దమనిషి పిల్లలతో మర్యాదగా మాట్లాడి పేర్లు అడుగుతాడు. ఎవరు అసలు పేరు చెప్పారో మీరు రాసిపెట్టుకోండి.

రెండో వారం, కంభం చెరువు: కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఈ పాత చెరువు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు పొందింది. తూము తీసే మనిషిని అందరూ మరిచిపోయారు. ఆయన చెప్పినా ఎవరూ వినడం లేదు, పొలాలు ఎండుతున్నాయి. కట్ట చివర మాంత్రికుడు కనిపిస్తాడు. అతని వెంట పడాలా, తూము తీయించాలా? రెండూ చేసే వ్యవధి లేదు.

మూడో వారం, గిద్దలూరు దాటాక నల్లమలలో రైలు సొరంగం: మొదటి వారం పేరు చెప్పిన పాత్రను మాంత్రికుడు తుడిచేస్తాడు. తోటివాళ్లే ఆ పాత్రను మరిచిపోతారు. ఆ పాత్ర అంతకు ముందు చేసిన మూడు పనులు మిగిలిన పిల్లలు చెప్పగలిగితే జ్ఞాపకం తిరిగి వస్తుంది. ఎవరూ అసలు పేరు చెప్పకపోయి ఉంటే, తూము మనిషినే తుడిచినట్టు నడపండి.

నాలుగో వారం, పాడుబడిన పలకరాయి గని: నాలుగు అక్షరాలూ చేతిలో ఉన్నాయి. వాటితో అతని శక్తి తీసేయవచ్చు. అదే పేరును మళ్లీ బడి పలక మీద రాయనూవచ్చు. రెండో దారి ఉందని మీరు చెప్పకండి. వాళ్లకు తోస్తే తోస్తుంది. (గని కథలోనే ఉండాలి. నీళ్లు నిలిచిన నిజం గనుల వైపు పిల్లల్ని పంపకండి.)

మీరే ఎందుకు ఆడాలి?

స్టడీ అవర్ నుంచి హోంవర్క్ దాకా మన పిల్లలు వినే ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే ఎవరి దగ్గరో ఉంటుంది. అందుకే తరగతిలో "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగితే, బాగా చదివే పిల్లలు కూడా ముందు నా ముఖం వైపు చూస్తారు. నా దగ్గర ఏ జవాబు ఉందో పోల్చుకోవాలని వాళ్ల ప్రయత్నం. చెరువు కట్ట మీద విలన్‌గా మీరు అడిగే ప్రశ్నకు మాత్రం జవాబు మీకూ తెలియదు. ఆ సంగతి పిల్లలకు అర్థం కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తర్వాత వాళ్లు మాట్లాడటం మొదలుపెడతారు.

ఇంకో సంగతి. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గిన రోజు ఇంట్లో మాటలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఓడిపోవడం ఎలాగో పిల్లలకు మనం చూపించే సందర్భాలు చాలా తక్కువ. ఈ ఆటలో అమ్మో నాన్నో వాళ్ల కళ్ల ముందే ఓడిపోతారు, నవ్వుతారు, వచ్చే వారం కొత్త ఎత్తుతో వస్తారు. పిల్లలు ఓడిన వారం కూడా అలాగే గడుస్తుంది. ఎవరూ కేకలు వేయరు. ఆట మధ్యలో మార్కుల ప్రస్తావన మాత్రం తేకండి.

ఈ ఆదివారం మొదలుపెట్టేవారికి

ముగ్గురు నలుగురు పిల్లలు చాలు. పక్కింటి పిల్లల్ని, నాయనమ్మను కూడా కూర్చోబెట్టండి. తెలుగు, ఇంగ్లీషు ఏది నోటికి వస్తే అది మాట్లాడనివ్వండి, మధ్యలో తప్పులు దిద్దకండి. ఏ పిల్లవాడైనా భయపడి "చాలు" అంటే వెంటనే ఆ సన్నివేశం ఆపండి. గంట కాగానే ముగించండి, ఇంకా ఆడతామన్నా సరే. చివర్లో ప్రతి ఒక్కరూ "ఇప్పుడు మాంత్రికుడు ఏం ఆలోచిస్తుంటాడు?" అన్నదానికి ఐదు వాక్యాలు రాయాలి. నాలుగు వారాల కాగితాలు దాచి నాకు పంపండి. వాటికి మార్కులు వేయను. చదివి, మాంత్రికుడికి ఒక ఉత్తరం రాసి తిరిగి పంపుతాను.