చేతులు కడుక్కున్నాం, మరి శుభ్రపడ్డాయా?



వార్డులో మీవారికి అన్నం కలిపి పెట్టేది, బట్టలు మార్చేది, పసిబిడ్డను ఎత్తుకునేది మీ చేతులే. "ఇప్పుడే కడుక్కున్నాను సిస్టర్" అని మీరనేది నిజమే. కానీ సబ్బు చేయంతా తగిలిందో లేదో కంటికి తెలియదు.

అది తెలుసుకోవడానికి హంగేరీ దేశంలో ఒక కంప్యూటర్ యంత్రం తయారుచేశారు. దాని పేరు సెమ్మెల్‌వైస్ స్కానర్. 1847లో వియన్నా ఆసుపత్రిలో డాక్టర్ల చేత చేతులు కడిగించి, బాలింతల మరణాలు బాగా తగ్గించిన డాక్టర్ సెమ్మెల్‌వైస్ పేరే దానికి పెట్టారు.

అదెలా పనిచేస్తుంది?

మెరిసే రంగు కలిపిన స్పిరిట్ మందును చేతులకు రుద్దుకొని, చేతులను యంత్రంలో పెట్టాలి. అతినీలలోహిత కాంతి పడగానే మందు అంటిన చోటు మెరుస్తుంది. కెమెరా ఫొటో తీస్తుంది. మందు తగలని చోటును కంప్యూటర్ ఎర్రగా చూపిస్తుంది. అది క్రిములను లెక్కపెట్టదు, మనం వదిలేసిన చోటును చూపుతుంది.

సాధారణంగా మనం వదిలేసేవి బొటనవేళ్లు, వేళ్ల కొనలు, వేళ్ల సందులు. అన్నం కలిపేది ఆ వేళ్ల కొనలతోనే కదా!

మీరు చేయవలసినవి

1. చేతులు తడిపి, సబ్బుతో అరచేతులు, చేతుల వెనుక, వేళ్ల సందులు రుద్దండి.
2. బొటనవేలిని రెండో చేతి గుప్పిట పట్టి తిప్పుతూ రుద్దండి.
3. వేళ్ల కొనలను అరచేతిలో రుద్దండి. తునికాకు, పొలం పనులు చేసే చేతులైతే గోళ్లలో మట్టి ఉంటుంది. గోళ్లు కత్తిరించుకోండి.
4. ధారగా పడే నీళ్లతో కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడుచుకోండి.

ఇందుకు 40 నుండి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోగిని తాకే ముందు, తాకిన తర్వాత తప్పక పాటించండి.